పదహారేళ్ళుగా మా ఇంట్లో ఆడుతున్న పరాయి దేశాల సినిమాలు

మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. ఒడియా బడిలో చదువుకున్న మాలాంటివాళ్ళకి తెలుగు మాట్లాడటం వచ్చినంత సులువుగా చదవడం రాదు. నేను పట్టుబట్టి పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఇక ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి వేరే చెప్పాలా, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వాళ్ళకి అసలే అందవు. అందుకని 2009 నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి. టీవీ పక్కన పీట వేసుకుని నేను కూర్చుంటాను. కింద అక్షరాలు పడగానే తెలుగులో పైకి చెబుతాను. చుట్టాలు, పక్కింటివాళ్ళు, వాళ్ళు వెంటబెట్టుకొచ్చిన వాళ్ళు, ఎవరొచ్చినా ఇంతే.

ఇలా ఒక్కో సినిమాను పదిసార్లు, పదిహేనుసార్లు చెప్పాక అది ఎవరికి నప్పుతుందో నాకో అంచనా వచ్చింది. నేను చూసేది ఒక్కటే: గంట గడిచేసరికి కూర్చున్నవాళ్ళ ముఖాలు ఎటు ఉన్నాయి? కళ్ళు తెర మీదే ఉండి చెవి మాత్రం నా వైపు ఉంటే సినిమా అందినట్టు. ముఖాలే నా వైపు తిరిగాయంటే వాళ్ళు సినిమా చూడటం మానేసి నా మాటలు వింటున్నారన్నమాట.

ఆ లెక్కన అందరికంటే ముందు ఎవరికైనా ఇచ్చేది జపాన్ సినిమా 'ద నేకెడ్ ఐలాండ్'. 1960లో కనెటో షిండో తీశాడు. మాటలు దాదాపు లేవు. చిన్న దీవి మీద మొగుడూ పెళ్ళాం, ఇద్దరు కొడుకులు. దీవిలో తాగునీరు లేదు. పక్క దీవికి పడవలో వెళ్ళి, బకెట్లు నింపుకుని, తెడ్డు వేసుకుంటూ తిరిగొచ్చి, కావిడి భుజాన వేసుకుని నిట్టనిలువు గట్టు ఎక్కి మొక్కలకు పోయాలి. మళ్ళీ వెళ్ళాలి. సినిమా మొత్తం ఇదే.

మొదటిసారి చూస్తున్నప్పుడు ఆమె పాదాలు చూడండి. ముందు కాలి వేళ్ళతో మట్టిని తడిమి, గట్టిగా ఉందని తేలాకే రెండో కాలు ఎత్తుతుంది. కావిడి బద్ద వంగుతుంది, బకెట్లు ఊగుతాయి, నీళ్ళు తొణకవు. పైకి చేరాక ఒక్కో మొక్క మొదట్లో కొంచెం కొంచెంగా పోస్తుంది. పోసిన నీళ్ళు పోసినట్టే నేలలోకి ఇంకిపోతాయి, నల్లటి మరక మిగులుతుంది. చిన్నప్పుడు గెడ్డ నుంచి నీళ్ళు మోసిన మా నాయనమ్మ ఆ మరక చూసి "అయ్యో, చాలలేదు నాయనా దానికి" అంది. నేను చెప్పడానికి అక్కడ మాటే లేదు.

ఒకచోట ఆమె కాలు జారి బకెట్ ఒలికిపోతుంది. మొగుడు వచ్చి చెంప మీద కొడతాడు. మా చెల్లి అక్కడ లేచి వెళ్ళిపోబోయింది. "ఆ దెబ్బ ఆమెకి కాదే, పోయిన నీళ్ళకి" అని నాయనమ్మ ఆపింది. "నీళ్ళకి తగల్లేదుగా" అంది చెల్లి. నాకు చెల్లి మాటే సబబుగా ఉంది. అయినా ఆ సీను దాచకుండా ముందే చెప్పి ఈ సినిమా ఇస్తాను, ఎందుకంటే దాని తర్వాత ఆమె ఒకే ఒక్కసారి ఆ నీళ్ళను తనే విసిరికొట్టే ఘట్టం వస్తుంది. ఎందుకు విసిరిందో చెప్పను. అప్పుడు అతను ఏం చేస్తాడో చూడాలి.

రెండోది 'ద వేజెస్ ఆఫ్ ఫియర్'. ఆన్రీ జార్జ్ క్లూజో తీసిన ఫ్రెంచి సినిమా, 1953. ఆ ఏడాదే కాన్, బెర్లిన్ చిత్రోత్సవాల్లో పెద్ద బహుమతులు అందుకుంది. దక్షిణ అమెరికాలో ఓ మారుమూల ఊరు, దూరంగా చమురు బావికి నిప్పంటుకుంటుంది. ఆర్పాలంటే నైట్రోగ్లిజరిన్ కావాలి. కుదుపు తగిలితే పేలిపోయే సరుకు. రెండు లారీలు, నలుగురు డ్రైవర్లు, మనిషికి రెండువేల డాలర్లు.

దీన్ని మా మేనమామకి చూపించాను. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్‌కి ఏళ్ళ తరబడి లారీ తోలిన మనిషి. మొదటి గంట ఏమీ జరగదు. ఊళ్ళో పని లేనివాళ్ళు ఎండలో కూర్చుని గొడవలు పడుతుంటారు. అక్కడే చాలామంది విసిగి లేచిపోతారు. మామ లేవలేదు. "లోడు దొరకనప్పుడు మేమూ ఇలాగే ఉంటాం రా" అన్నాడు. కొండ మలుపు దగ్గర చెక్కలు పుచ్చిపోయిన వేదిక మీదికి లారీని వెనక్కి తోలే ఘట్టం వచ్చేసరికి ఆయన కుడికాలు నేల మీద బ్రేకు వెతుక్కుంది. వెనక నిలబడి దారి చూపాల్సిన తోటి డ్రైవర్ జో భయంతో వణుకుతుంటే, "క్లీనర్ ధైర్యం పోతే డ్రైవర్ చచ్చినట్టే" అన్నాడు గట్టిగా. ఆ సినిమా అంతా ఇద్దరు మనుషుల మధ్య ధైర్యం చేతులు మారడం గురించేనని నాకు అర్థమైంది ఆయన ఆ మాట అన్నాకే. అప్పటిదాకా నాలుగుసార్లు చూసి కూడా దాన్ని సస్పెన్స్ సినిమా అనే చెప్పుకుంటూ వచ్చాను.

ఇదే కథను విలియం ఫ్రీడ్కిన్ 1977లో 'సోర్సరర్' పేరుతో మళ్ళీ తీశాడు. వచ్చినప్పుడు ఆడలేదు, ఇప్పుడు దానికంటూ వీరాభిమానులున్నారు. వానలో తాళ్ళ వంతెన మీద లారీ వెళ్ళే భాగం ఒళ్ళు జలదరింపజేస్తుంది. కానీ మనుషులు మనసులో ఉండిపోయేది పాతదానిలోనే.

అప్పటి నుంచి ఎవరికైనా సినిమా చెప్పే ముందు "మీకు ఏ హీరో ఇష్టం?" అని అడగడం మానేశాను. వాళ్ళు ఏ పని చేస్తారో, ఏ పని చేసేవాళ్ళ మధ్య పెరిగారో కనుక్కుంటాను. పాలు పోసే ఇంటివాళ్ళకి ఇరాన్ సినిమా 'ద కౌ' చూపించాను. దారియుష్ మెహర్జుయి 1969లో తీశాడు. ఊరంతటికీ ఉన్న ఒక్క ఆవూ హసన్‌ది. అతను ఊళ్ళో లేనప్పుడు అది చచ్చిపోతుంది. ఊరివాళ్ళు దాన్ని పాతిపెట్టి, పారిపోయిందని అబద్ధం చెబుతారు. హసన్ మెల్లమెల్లగా తనే ఆవు అయిపోతాడు. ఇరాన్‌లో దీన్ని ఆపేస్తే దొంగచాటుగా దేశం దాటించి 1971లో వెనిస్ చిత్రోత్సవంలో సబ్‌టైటిల్స్ లేకుండానే చూపించారు. అయినా అక్కడివాళ్ళకి అందింది. మా పాలావిడ చివరిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పాలు పోస్తూ "ఊరివాళ్ళు నిజం చెప్పుండాల్సింది బాబూ" అంది.

హోటల్ నడిపేవాళ్ళకి 'టాంపోపో' ఇవ్వండి, ఆలోచించక్కర్లేదు. జుజో ఇటామి, 1985. ఓ లారీ డ్రైవర్ సాయంతో ఒక వితంతువు నూడుల్స్ చారు సరిగ్గా కాయడం నేర్చుకుంటుంది. అప్పడాలకీ ఆవకాయకీ పేరున్న మా ఊళ్ళో ఇది నచ్చనివాళ్ళు ఇంతవరకు తగల్లేదు.

పిల్లలున్న ఇంటికి స్పెయిన్ సినిమా 'ద స్పిరిట్ ఆఫ్ ద బీహైవ్' చెబుతాను, 1973, విక్టర్ ఎరీసే. 1940లో ఓ పల్లెకి లారీలో సినిమా వస్తుంది, జనం ఇళ్ళ నుంచి కుర్చీలు మోసుకొచ్చుకుంటారు, ఆనా అనే చిన్నపిల్ల 'ఫ్రాంకెన్‌స్టైన్' చూసి జడుసుకుంటుంది. తెరను చూస్తున్న ఆ పిల్ల ముఖం నటన కాదు, నిజంగానే మొదటిసారి ఆ సినిమా చూస్తుండగా పట్టుకున్న ముఖం. ఠాకూరాణి జాతరలో పులివేషం ఎదురొచ్చినప్పుడు నా కూతురి ముఖం సరిగ్గా ఇలాగే అయింది. నోరు కొంచెం తెరుచుకుని, ముందుకే వంగి.

ఒక్క సినిమా విషయంలో మాత్రం చేతులెత్తి చెబుతున్నాను, ఎవరికీ ముందు చెప్పకుండా పెట్టకండి. 1985 నాటి 'కమ్ అండ్ సీ', ఎలెమ్ క్లిమోవ్‌ది. జర్మన్ సేనలు బెలారస్‌లో మనుషులతో సహా తగలబెట్టిన ఊళ్ళు 628 అని చివర్లో తెర మీద పడుతుంది. ఆ ఊళ్ళలో ఒక ఊరిని మనం కళ్ళారా చూడాల్సి వస్తుంది. యుద్ధం సినిమా అని మాత్రమే చెప్పి మా పిన్నికి పెట్టాను. ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. గొప్ప సినిమాయే, నాకు సందేహం లేదు. కానీ ముందే చెప్పాల్సింది.

సోవియట్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన 'స్టాకర్' నాకు ప్రాణం. ఇంట్లో మాత్రం నడవలేదు, రెండుసార్లు పెట్టినా ముఖాలు నా వైపే తిరిగాయి. అది ఒంటరిగా చూసుకునే సినిమా.

నేను చెప్పే పనే లేని సినిమా కూడా ఒకటుంది, పైగా మన పక్కనే పుట్టింది. నీరద మహాపాత్ర పూరీలో తీసిన ఒడియా సినిమా 'మాయా మిరిగ', 1984. రిటైరయ్యే హెడ్‌మాస్టారి ఉమ్మడి ఇల్లు, ఐఏఎస్ అయిన కొడుకు, చాకిరీ అంతా మోసే పెద్ద కోడలు. ఎన్నో ఏళ్ళు మంచి ప్రింటు లేక మూలపడింది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించి 2024లో ఇటలీలోని బొలోన్యాలో చూపించింది. ఆ ఇంటి వసారా, ఆ మసక వెలుగు చూసి మా అమ్మ "మనిల్లే" అంది.

ఇంట్లో చూపించాలనుకునేవాళ్ళకి ఓ జాగ్రత్త. సబ్‌టైటిల్ ఫైలు ముందురోజే పెట్టి మొదట, మధ్యలో, చివర్లో సరిచూసుకోండి. రెండు సెకన్లు తేడా ఉన్నా ఒకరి మాట ఇంకొకరి నోట్లో పడుతుంది. ఆన్‌లైన్‌లో ఉందిలే అన్న ధీమా వద్దు. డబ్బు కట్టి చూస్తున్న ఒక సర్వీసులో, చుట్టాలందరినీ పిలిచిన వారమే సినిమా తీసేశారు. అప్పటి నుంచి దొరికినచోట డిస్కు కొని దాచుకుంటున్నాను.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మా ఊళ్ళో చెట్లు కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి లేదు. నీళ్ళ కోసం బకెట్లు పట్టుకుని తిరిగాం. ఓ సాయంత్రం పిల్లలు మారాం చేస్తుంటే నాయనమ్మ లాంతరు పక్కన కూర్చుని "నీళ్ళ సినిమా చెబుతాను రండి" అని మొదలుపెట్టింది. దీవి, పడవ, ఇద్దరు కొడుకులు, వాళ్ళు పట్టిన పెద్ద చేప, ఏదీ మర్చిపోలేదు. ఒలికిన బకెట్ దగ్గర మొగుడు కొట్టాడనీ చెప్పింది, "తప్పే చేశాడు" అని కూడా అంది. అంతసేపూ ఆమె కథలో ఆ ఆడమనిషి నెత్తిన బిందె ఉంది, భుజాన కావిడి లేదు.