సిరొంచ వరద శిబిరంలో సంచార వైద్య బృందం సేవ

2022 జూలైలో ప్రాణహిత, గోదావరి పొంగి మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా నదీతీర గ్రామాలను ముంచెత్తినప్పుడు, మా అత్తగారితో కలిసి నేను తలదాచుకున్న బడికి ఒక సంచార వైద్య బృందం వచ్చింది. ఈ సమీక్ష ఆ బృందం పనితీరును గురించినది. జ్వరాలకు మాత్రలు, విరేచనాలకు ఓఆర్‌ఎస్ పొట్లాలు, తాగునీటిలో వేసుకునే క్లోరిన్ బిళ్లలు కొరత లేకుండా ఇచ్చారు. మరాఠీ రాని ముసలివాళ్లకు ఆశా కార్యకర్త ప్రతి మాటనూ తెలుగులో విడమరచి చెప్పింది. ఆమె లేకపోతే సగం మాత్రలు కొంగుముడిలోనే ఉండిపోయేవి.

లోటల్లా దీర్ఘరోగుల విషయంలోనే. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిల్వ ఉంచవలసిన ఇన్సులిన్ వారి వద్ద లేదు. కరెంటు లేని ఆ బడిలో అత్తగారి మందు సీసాను మట్టికుండలో తడి ఇసుక మీద నిలబెట్టి, పైన తడిగుడ్డ కప్పి, గంటగంటకూ తడుపుతూ కాపాడుకున్నాము. దారి మునిగాక అంబులెన్సు వాగు ఒడ్డునే ఆగిపోతుంది కనుక, నెలలు నిండిన గర్భిణులను నీరు రాకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చవలసింది. ఆ పని జరగలేదు.

ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను, అందులో రెండు ఆ ఆశా కార్యకర్తవే.