గండికోటలో పదిహేడు వందలు నీళ్లపాలు

గండికోట లోయ ఫోటోలో కంటే ఎదురుగానే బాగుంటుంది. పెన్నా ఎర్రమల కొండల్ని కోసిన ఆ ఎర్రరాతి అంచు దగ్గర ఎంతసేపు కూర్చున్నా లేవబుద్ధి కాదు. కోటలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు, పక్కనే ధాన్యాగారం, అన్నీ నిదానంగా చూశాం. నా కోపమంతా మేం దిగిన ప్రైవేటు క్యాంపు మీదే.

టెంటు తలకు 1,800, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి. టెంటు పర్వాలేదు. ఒడ్డున బోర్డు ఒకటి పెట్టారు: 'నీటి స్కూటర్, పావుగంట 700, అడ్వాన్స్ 3,000.' చేతులతో పట్టుకుని మీట నొక్కితే ముందు ఫ్యాను తిరిగి మనల్ని లాక్కుపోయే యంత్రం. సముద్రంలో డైవింగ్ చేసేవాళ్లు వాడతారు. మావాడు అది చూడగానే ఎగిరాడు.

మొదటిది రెండు నిమిషాలు గుర్రుమని ఆగిపోయింది. "ఛార్జింగ్ అయిపోయింది సార్" అన్నాడు కుర్రాడు. కువైట్‌లో బోట్ల రిపేరు పని చేసి వచ్చిన మా బామ్మర్ది దాన్ని ఎత్తి ఊపితే లోపల నీళ్లు గలగలమన్నాయి. బ్యాటరీ మూత కింద ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు ఉంటుంది. దాని మీద ఇసుక రేణువు ఉన్నా, వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు లోపలికి పోతాయి. మూత తీసిన ప్రతిసారీ దాన్ని తుడిచి, చూసి, సిలికాన్ గ్రీజు రాయాలట. "వీళ్లు గ్రీజు మొహం చూసి ఎన్నాళ్లయిందో బావా" అన్నాడు.

రెండోది ఇచ్చారు. ఇది ఆగదు! మీట వదిలితే మోటారు ఆగాలి, అదే దానికున్న భద్రత. మీట సందులో బురద పట్టేసింది కాబోలు, నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. మావాడు భయపడి చేతులు వదిలేశాడు. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి వాడు తేలాడు, స్కూటర్ ముక్కు కిందికి పెట్టి బురదనీళ్లలోకి పోయింది. మా ఆవిడ ఒడ్డు నుంచి అరిచిన అరుపు కోట దాకా వినపడి ఉంటుంది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. "మీరే వదిలేశారు, 3,000 తిరిగి ఇయ్యం" అన్నాడు మేనేజర్. బామ్మర్ది ఊరుకోలేదు. "ఏమప్పా, ఇది ఉప్పునీళ్లకు తూకం కట్టిన మిషను. సముద్రంలో ఉన్నచోటే ఉంటాది, మంచినీళ్లల్లో మునుగుతాది. తేలే బెండు కట్టి ఇయ్యాల్సింది మీరు. మీట ఇరుక్కుంటే ఆ తప్పు మాదెట్లయితాది?" జవాబు లేదు. పుట్టి వేసుకుని కొక్కెంతో గంటసేపు వెతికి దాన్ని తీశారు. చివరికి 2,000 చేతిలో పెట్టారు. ఎవరూ సరిగా తిరగని పావుగంటకు 1,700 అయింది. మావాడు అన్నం తినకుండా పడుకున్నాడు, మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

మరుసటి రోజు బెలుం గుహలు. లోపల ఉక్కపోత, చూడాల్సిందే.

జమ్మలమడుగులో కారం దోసె, బొంబాయి చట్నీ, 50 రూపాయలు. మావాడు రెండు తిని మళ్లీ మనిషయ్యాడు.

ఇలాంటి స్కూటర్ ఎక్కాలనిపిస్తే డబ్బు కట్టకముందే మోకాలి లోతు నీళ్లలో మీట నొక్కి వదిలి చూపించమనండి. వెంటనే ఆగకపోతే వద్దు. తాడు, బెండు లేకపోయినా వద్దు. గల్ఫ్ నుంచి సొంతంగా తెచ్చుకుందామనుకునేవాళ్లు బ్యాటరీ మీద అంకె చూసుకోండి. 100 వాట్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత, Wh అని రాసి ఉంటుంది) దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల విమానంలో ఎక్కించుకోరు. అదే ఒడ్డున తెడ్డు వేసుకునే కయాక్ 300కే ఇస్తున్నారు. దానికి బ్యాటరీ లేదు, మీట లేదు. మేం అది ఎక్కకుండా వచ్చేశాం, ఎందుకంటే అప్పటికి ఆ క్యాంపులో ఇంకో రూపాయి తీయడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు.