జాక్ రాంగ్లర్ మీద డాక్యుమెంటరీ: నాటకాల వాళ్లు చూడాల్సిన డీవీడీ

5కి 4 నక్షత్రాలు ఇస్తున్నాను. ‘రాంగ్లర్: అనాటమీ ఆఫ్ యాన్ ఐకాన్’ 2008లో వచ్చింది. దర్శకుడు జెఫ్రీ ష్వార్జ్. 1970ల్లో అమెరికా గే అడల్ట్ సినిమాల్లో పెద్ద పేరున్న జాక్ రాంగ్లర్ జీవితం ఇది. పాత సినిమాల ముక్కలు చూపిస్తారు కాబట్టి పిల్లలు ఇంట్లో తిరుగుతుండగా పెట్టకండి. నేనూ నా తోడూ న్యూజెర్సీలో మా ఇంట్లోనే చూశాం. గంటన్నర కూడా పట్టదు.

అతని అసలు పేరు జాన్ స్టిల్‌మన్. 1946లో బెవర్లీ హిల్స్‌లో, కలిగినింట్లో పుట్టాడు. తండ్రి రాబర్ట్ స్టిల్‌మన్ సినిమా, టీవీ నిర్మాత. పిల్లాడుగా ఉన్నప్పుడే క్రైస్తవ భక్తి కార్యక్రమంలో టీవీ మీద కనిపించాడు. తర్వాత నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో నాటకం చదివాడు. ఒంటిమీదున్న పనిచొక్కా లేబుల్ చూసి రాంగ్లర్ అన్న పేరు పెట్టుకున్నాడు.

ఈ డాక్యుమెంటరీ నాకు ఎందుకు ఇంత నచ్చిందో చెప్పాలంటే కాస్త తెనాలి సంగతి చెప్పాలి. పరిషత్తు నాటకాల్లో నేను ఆడవేషాలు వేసేవాణ్ని. మాకు నేర్పిన పెద్దాయన స్థానం నరసింహారావు గారి సత్యభామను కళ్లారా చూసినవారు. “ముందు నడక పట్టరా, చీర సంగతి తర్వాత” అనేవారు. స్థానం వారు మగవారై ఉండి భామ అయ్యారంటే, ఆ ఒయ్యారమంతా కూర్చుని తయారుచేసుకున్నదే. జాక్ చేసిందీ ఆ పనే, కాకపోతే అతను కట్టింది మగవేషం. జీన్స్, బూట్లు, నడుం మీద చెయ్యి వేసి నిలబడే తీరు, ఎదుటివాణ్ని కొలిచే చూపు, అన్నీ ఆలోచించి పేర్చుకున్నవే. ఆ మనిషిని తానే తయారుచేశానని తన నోటితోనే చెబుతాడు. చెబుతున్నప్పుడు మన ముందున్నది అరవై దాటిన ఒక మాటకారి, నాటకాల మనిషి. పాత బొమ్మల్లోని ఆ మొరటు మగాడికీ ఈయనకీ పోలికే లేదు. ఆ రెండు ముఖాలనూ పక్కపక్కన పెట్టి చూపించడంలో దర్శకుడి నేర్పంతా ఉంది.

ఆ వేషానికి అప్పట్లో ఎంత విలువ ఉండేదో కూడా గుర్తుంచుకోవాలి. 1973 దాకా అమెరికా సైకియాట్రిస్టుల సంఘం గే కావడాన్ని మానసిక రోగాల జాబితాలో ఉంచింది. అలాంటి రోజుల్లో ఒకడు పోస్టర్ మీద ముఖం దాచుకోకుండా, సిగ్గుపడకుండా నిలబడ్డాడు. అతన్ని చూసి ఎంతమంది ఒంటరి కుర్రాళ్లు గుండె చిక్కబట్టుకుని ఉంటారో నేను ఊహించగలను. అవి బూతు సినిమాలే కదా అని ఈ సంగతిని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇక మార్గరెట్ వైటింగ్. డీవీడీ కొనాల్సింది ఈవిడ కోసమే. 1940ల్లో క్యాపిటల్ రికార్డ్స్‌లో పాడి పేరు తెచ్చుకున్న గాయని, జాక్ కంటే 22 ఏళ్లు పెద్ద. ఇద్దరూ 1970ల్లో దగ్గరయ్యారు, ఏళ్ల తరబడి కలిసి ఉన్నారు, 1994లో పెళ్లి చేసుకున్నారు. పెళ్లయ్యాక కూడా జాక్ తాను గే అనే చెప్పాడు, మాట మార్చలేదు. ఆవిడ అతని సినిమాల గురించి మాట్లాడేటప్పుడు ముఖం చిట్లించదు, సమర్థించుకోదు. భర్త చేసిన ఉద్యోగం గురించి మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఈ దాంపత్యానికి ఏ పేరు పెట్టాలని దర్శకుడు తంటాలు పడకుండా ఇద్దరినీ మాట్లాడనిచ్చాడు. ఆ ఓర్పుకు నా దండం.

ఒక్క నక్షత్రం ఎందుకు తగ్గించానంటే, ఎయిడ్స్ దగ్గర ఇంకాసేపు ఆగాల్సింది. ఆ తరం గే తారల్లో కేసీ డోనవన్ 1987లో, ఆల్ పార్కర్ 1992లో, 1976లో జాక్‌తో కలిసి నటించిన రిచర్డ్ లాక్ 1996లో ఆ జబ్బుతోనే పోయారు. అంతమంది పోయాక మిగిలినవాడికి ఎలా ఉంటుందో అతని నోట ఇంకా వినాలనిపించింది. జాక్‌ను చివరికి తీసుకుపోయింది సిగరెట్లు. 2009 ఏప్రిల్‌లో, 62 ఏళ్ల వయసులో, ఊపిరితిత్తులు పాడై న్యూయార్క్‌లో చనిపోయాడు. మార్గరెట్ 2011 జనవరిలో వెళ్లిపోయారు. కెమెరా ముందుకు ఇద్దరూ సమయానికి వచ్చారు, అదే మన అదృష్టం.

వ్యాఖ్యానించే జనం కూడా ఎక్కువయ్యారు. ఒకరు చెప్పిందే ఇంకొకరు చెబుతారు. ఆ నిమిషాలు అతని రంగస్థలం పనికి ఇచ్చి ఉంటే నాలాంటివాళ్లు సంతోషించేవాళ్లం. జానీ మెర్సర్ పాటలతో 1997లో బ్రాడ్వేకి వచ్చిన ‘డ్రీమ్’ అనే సంగీత ప్రదర్శనకు రూపకల్పన చేసినవాళ్లలో జాక్ ఒకడు. సినిమాల్లో ఒళ్లు చూపించిన మనిషి తెర వెనక నిలబడి వేరేవాళ్ల చేత ఎలా ఆడించాడు, పాడించాడు? రిహార్సల్లో కేకలేసేవాడా, బుజ్జగించేవాడా? నేను మాత్రం ఆ భాగం కోసం ఇంకో అరగంటైనా కూర్చునేవాణ్ని.