బుల్లెట్‌లో టక్కుమనే చప్పుడు: ముందు గేర్ బాక్స్ విప్పాలా, వెనక చక్రం చూడాలా?

మా నాన్న బుల్లెట్ 1994 మోడల్, కుడికాలితో వేసే నాలుగు గేర్ల పాత బాక్సు. పోయిన ఎండాకాలం దాంట్లో ఒక చప్పుడు మొదలైంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పితే కింద ఎక్కడో టక్. నెల్లూరు మినీ బైపాస్‌లో స్పీడ్ బ్రేకర్ దగ్గర స్లో చేసి లాగిన ప్రతిసారీ టక్. కాళ్ల కిందే వినిపిస్తోంది కాబట్టి గేర్ బాక్సే అనుకున్నాను, మెకానిక్ కూడా ఒక రౌండు కొట్టొచ్చి అదే మాట అన్నాడు. విప్పించాను. పన్నెండు రోజులు బండి షెడ్డులోనే ఉంది, ఒక బేరింగు, ఒక బుష్ మార్చారు, ఐదు వేల పైనే అయింది. తీసుకుని పెన్నా బ్రిడ్జి ఎక్కేసరికి మళ్లీ అదే టక్. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత మా మామ కావలిలో తనకి తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన బండి ఎక్కలేదు, స్టార్ట్ కూడా చెయ్యలేదు. "సెంటర్ స్టాండ్ వేసి ఫస్ట్ గేరు వెయ్యబ్బయా" అన్నారు. వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపారు. పళ్ల చక్రం కదలట్లేదు, టైరు మాత్రం బాగా ఆడుతోంది. చక్రం మధ్యలో ఉండే హబ్బు విప్పితే డ్రమ్ రబ్బర్లు, అంటే పళ్ల చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దెబ్బని తట్టుకునే రబ్బరు ముక్కలు, నలిగి పొడిపొడిగా రాలాయి. కొత్తవి ఐదొందలు కూడా కాలేదు.

అందుకే ఈ ప్రశ్న ఎవరడిగినా వెనక నుంచే మొదలుపెట్టమంటాను. నా ఒక్క అనుభవం చూసి చెప్పట్లేదు, కారణం ఉంది. ఇంజిన్ లాగుడు ఎడమవైపు కవరు లోపలుండే ప్రైమరీ చైన్ మీదుగా క్లచ్‌కి, అక్కడి నుంచి గేర్ బాక్స్‌కి, తర్వాత చిన్న స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం), వెనక చైన్, పెద్ద స్ప్రాకెట్, డ్రమ్ రబ్బర్లు దాటి చక్రానికి చేరుతుంది. ఈ దారిలో ప్రతి చోటా కొంచెం కొంచెం ఆట, అంటే వదులు, ఉంటుంది. అరిగే కొద్దీ అవన్నీ కలిసి, యాక్సిలరేటర్ వదిలి పట్టినప్పుడు ఒకే దెబ్బగా కొడతాయి. ఇనుములో చప్పుడు పాకుతుంది కాబట్టి వెనక చక్రంలో కొట్టినా మనకి కాళ్ల దగ్గరే వినిపిస్తుంది. పైగా ఈ దారిలో అన్నిటికంటే ముందు చెడేవి బయట దుమ్ములో, ఉప్పుగాలిలో తిరిగేవే. మైపాడు వైపో కొత్తపట్నం వైపో రొయ్యల గుంటలకి రోజూ తిరిగే బండ్ల చైన్లు చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. గేర్లు మాత్రం లోపల ఆయిల్లో మునిగి ఉంటాయి.

వెనకవైపు చూడటానికి ఒక పూట చాలు. చైన్ మధ్యలో వేలితో ఎత్తితే రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఆడాలి, అదీ ఒక్క చోట చూస్తే కాదు, చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. ఒక చోట బిగువు, ఇంకో చోట వదులు ఉంటే చైన్ సాగిపోయినట్టే, ఎంత అడ్జస్ట్ చేసినా ఆ టక్కు పోదు. పెద్ద స్ప్రాకెట్ వెనక నుంచి చైన్‌ని లాగి చూస్తే సగం పన్ను బయటికి కనిపించినా అంతే. నత్త ఆకారంలో ఉండే అడ్జస్టర్లు రెండు వైపులా ఒకే గాటులో ఉన్నాయా, చైన్ లాక్ క్లిప్ మూసిన వైపు చైన్ వెళ్లే దిక్కుకి ఉందా అనేవి కూడా అప్పుడే చూసుకోవాలి. నిర్మానుష్యంగా ఉన్న రోడ్డు మీద ఇంజిన్ ఆపి, న్యూట్రల్లో బండిని తోసి చూడండి. అప్పుడూ చప్పుడు వస్తే చైన్, చక్రం వైపే ముందు అనుమానించాలి.

ఆ తర్వాత ఎడమవైపు. బండి న్యూట్రల్లో నిలబడి ఉన్నప్పుడు గలగల అంటుంటే ప్రైమరీ చైన్ వదులు అయ్యుండొచ్చు. కవరు మీదున్న చిన్న మూత తీసి చూస్తే, బిగువుగా ఉన్న చోట కూడా ఆరు మిల్లీమీటర్ల దాకా ఆట ఉండాలి, అంతకు మించి ఊగుతుంటే అడ్జస్ట్ చెయ్యాలి. పొద్దున్నే మొదటిసారి ఫస్ట్ గేరు వేసినప్పుడు మాత్రమే గట్టిగా టక్కుమంటే అది వేరే సంగతి, క్లచ్ ప్లేట్లు అతుక్కుంటున్నాయి. స్టార్ట్ చేసేముందు క్లచ్ పట్టుకుని రెండు మూడు కిక్కులు కొడితే విడిపోతాయి, దీనికోసం ఏదీ విప్పక్కర్లేదు.

మరి గేర్ బాక్సే ముందు విప్పాల్సిన సందర్భం లేదా? ఉంది. చప్పుడు ఒక్క గేర్లోనే వస్తూ మిగతా వాటిలో రాకపోతే, లాగుతున్నప్పుడు గేరు దానంతటదే ఊడి న్యూట్రల్లోకి పోతుంటే, ఆయిలు దించినప్పుడు ఇనప పెచ్చులు కనిపిస్తే, అప్పుడు డ్రమ్ రబ్బర్ల మాట పక్కనపెట్టి నేరుగా బాక్సు విప్పించండి. బూడిద రంగు మెత్తటి మడ్డి ఉంటే భయం లేదు, గోటికి తగిలే ముక్కలు ఉంటేనే ప్రమాదం. అలాంటి బండితో హైవే ఎక్కొద్దు, ఒంగోలు దాకానే కదా అని అస్సలు అనుకోవద్దు. ముక్క గేర్ల మధ్య ఇరుక్కుంటే వెనక చక్రం పట్టేస్తుంది.

ఈ మూడింటిలో ఏదీ లేకుండా బాక్సు విప్పితే ఖర్చు ఒక్కటే కాదు నష్టం. ఇరవై, ముప్పై ఏళ్లుగా ఒకదానితో ఒకటి అరిగి సర్దుకున్న గేర్లని కదిలిస్తాం, తిరిగి బిగించేటప్పుడు షాఫ్టు ఆట సరిగ్గా చూడకపోతే లేని చప్పుడు కొత్తగా వస్తుంది. చెన్నైలో పాత బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేట నుంచి పాత బాక్సు మొత్తంగా తెచ్చి వేయించమని కూడా కొందరు సలహా ఇస్తారు. ఆ బాక్సు ఎలాంటి చేతుల్లో తిరిగిందో మనకి తెలియదు, నాకైతే మనసొప్పదు. దొరకని గేరో కవరో విడిగా కావాలంటే పుదుపేట మంచిదే.

షాఫ్ట్ డ్రైవ్ ఉన్న పాత విదేశీ బండి ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్లకీ ఇదే వరస, కాకపోతే వాళ్ల పని కష్టం. చైన్ చోట షాఫ్టు, దాని చివర యూనివర్సల్ జాయింటు, పళ్ల గాడులు ఉంటాయి, అవి చాలా బండ్లలో గొట్టం లోపలే కాబట్టి కంటికి కనపడవు. వాళ్లు చక్రం ఊపి ఆట చూసుకుని, వెనక డ్రైవ్ ఆయిలు దించి ముక్కలున్నాయేమో చూసుకున్నాకే గేర్ బాక్స్ జోలికి పోవాలి.

మా బండికి రబ్బర్లు మార్చాక చప్పుడు ముప్పావు వంతు పోయింది. మిగిలింది చైన్‌దే, కానీ ఇంకా మార్చలేదు, ఎందుకంటే ముందున్న చిన్న స్ప్రాకెట్ పళ్లు కూడా కొడవలిలా వంగాయి. పాత పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అది కూడా తొందరగా పోతుంది. ఆ స్ప్రాకెట్ తియ్యాలంటే ప్రైమరీ కవరు, క్లచ్ అన్నీ ఊడాలి. మొదట బాక్సు విప్పినప్పుడు కుడివైపు మాత్రమే విప్పారు, ఎడమవైపు ఎవరూ చూడలేదు. క్లచ్ ప్లేట్లు ఎలాగూ దగ్గరపడ్డాయి, సంక్రాంతి లోపల కావలి తీసుకెళ్లి ప్లేట్లు, చైన్, రెండు స్ప్రాకెట్లు ఒకేసారి వేయిస్తాను.