బార్టన్ స్ప్రింగ్స్: వీలైతే శుక్రవారం పొద్దున్నే దిగండి

ఆగస్టులో టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. అపార్ట్‌మెంట్ల కొలనుల్లో నీళ్లు కాచినట్టుంటాయి. ఇక్కడి జిల్కర్ పార్కులోని ఊటనీటి కొలను బార్టన్ స్ప్రింగ్స్‌లో మాత్రం అదే మధ్యాహ్నం 68 నుంచి 70 డిగ్రీలే, సెల్సియస్‌లో 20, 21. జనవరిలోనూ దాదాపు అంతే. ఏడేళ్లుగా అన్ని కాలాల్లోనూ దిగుతున్నాను. ఈ ఒక్క గుణం మీద మోజు ఇంకా తగ్గలేదు. మహానంది కోనేట్లో మునిగినవాళ్లకు నేను వేరే వర్ణించక్కర్లేదు: ఎండాకాలం చల్లన, చలికాలం నులివెచ్చన. అలాంటి ఊటనీళ్లే, దాదాపు మూడెకరాల మేర ఈదడానికి.

నీళ్లు మారవు, మారేది బయటి గాలి. వాననీళ్లు నైరుతి దిక్కు వాగుల అడుగునున్న సున్నపురాయి నెర్రెల్లోంచి ఎడ్వర్డ్స్ భూగర్భ జలాశయంలోకి దిగి, ఆ రాతి వేడినే పుచ్చుకుని ఇక్కడ పైకి ఉబుకుతాయి. అందుకే వేసవిలో ఎగువన బార్టన్ వాగు ఎండి రాళ్లు తేలినా కొలను నిండుగానే ఉంటుంది.

అయితే 68 డిగ్రీలు కాగితం మీద ఒకటి, ఒంటి మీద ఒకటి. మెట్ల మీద కూర్చుని అంగుళం అంగుళం దిగేవాళ్లే ఎక్కువ బాధపడతారు. ముందు ముఖం, మెడ, చంకలు తడుపుకుని, నడుము లోతుకి నడిచి, ఊపిరి వదులుతూ ఒక్కసారి భుజాల దాకా మునగాలి. మొదటి నిమిషం ఊపిరి ఎగదన్నుతుంది. అప్పుడు ఈత మొదలుపెట్టకండి. రెండు మూడు నిమిషాలకు సర్దుకుంటుంది. బక్కపల్చటి పిల్లలు మాత్రం ఇరవై నిమిషాలకే వణుకుతారు. పెదాలు నల్లబడేదాకా ఆగకుండా బయటికి తెచ్చి, పచ్చిక గట్టు మీద ఎండలో పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ దింపండి. చలికాలంలో కష్టమంతా బయటికొచ్చాకే. నీళ్ల మీద ఆవిరి లేస్తుంటే లోపల హాయిగానే ఉంటుంది, గట్టెక్కగానే గాలి కోస్తుంది. మందపాటి తువ్వాలు, తలకు టోపీ, సులువుగా తొడుక్కునే చెప్పులు గట్టు అంచునే పెట్టుకోవాలి.

ఇక నేల. గోడలు కాంక్రీటువి గానీ అడుగంతా సహజమైన రాయి, కంకర, నాచు. క్లోరిన్ వెయ్యరు. ప్రపంచంలో ఈ ఊటల్లో, ఈ చుట్టుపక్కల కొద్ది చోట్ల తప్ప ఇంకెక్కడా లేని బార్టన్ స్ప్రింగ్స్ సాలమాండర్ ఇక్కడ బతుకుతుంది. బల్లిలా కనబడే, కప్పల కోవకు చెందిన, వేలి పొడవు కూడా ఉండని జీవి. 1997లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. అందుకని నాచును మందులతో చంపడం కుదరదు, గీకి కడగాల్సిందే. ఆ పని ప్రతి గురువారం పగటిపూట జరుగుతుంది, ఆ వేళ కొలను మూసేస్తారు. హ్యూస్టన్, డాలస్ నుంచి వారాంతం కలిసొస్తుందని గురువారమే దిగేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

దీన్నిబట్టే శుక్రవారం ఉదయం అన్నాను. రాళ్లు అప్పుడే గీకి ఉంటాయి, జనం ఇంకా రారు, ఈత కళ్లద్దాలు పెట్టుకుంటే లోతు వైపు అడుగున బండలు కూడా కనబడతాయి. బుధవారానికి లోతు తక్కువ వైపు పాకుడు బాగా పట్టేస్తుంది. శనివారం మధ్యాహ్నానికి వందల కాళ్లు అడుగు మట్టిని కలిపేస్తాయి. నీళ్లు అద్దంలా ఉంటాయని అందరూ చెబుతారు, నేనూ చాలామందికి చెప్పాను. అద్దం వారానికి రెండు పూటలనుకోండి. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు కొనుక్కోండి. నున్నటి అరికాలుతో ఆ రాళ్ల మీద నిలబడటం పెద్దవాళ్లకు ప్రమాదం. రాళ్లు ఎత్తి చూడటం, పేర్చడం పిల్లల్ని చెయ్యనివ్వకండి, సాలమాండర్లు దాక్కునేది వాటికిందే.

అసలు చిక్కు వాన. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎండ కాస్తున్న రోజు కూడా గేటు ఎందుకు మూసి ఉందో బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు అర్థం కాదు.

బార్టన్ వాగు మామూలుగా కొలనులోకి రాదు. ఎగువ ఆనకట్ట దగ్గర దాన్ని మళ్లించి, ఉత్తరపు గట్టు నడవ కింద ఉన్న కాంక్రీటు తూములోంచి దిగువ ఆనకట్ట దాటించి వదులుతారు. కొలనులో ఉండేది ఊటనీరే. వాగు ఉధృతి పెరిగి తూము పట్టకపోతే, వరద ఎగువ ఆనకట్ట మీదుగా పొర్లి కొలనులో పడుతుంది. ఒండ్రు, గులకరాళ్లు, కొమ్మలు, రోడ్ల మీది మురికి అన్నీ దాంతో వస్తాయి. వరద తీశాక అడుగున బురద మిగులుతుంది. దాన్ని తోడి, గొట్టాలతో కడిగి, రాళ్లు తేల్చేసరికి రోజులు పడుతుంది. సాలమాండర్ల కోసం ఆ పనీ మెల్లిగానే చెయ్యాలి. ఇది ఒక రకం.

రెండోది కంటికి తెలియదు. వాగు పొర్లకపోయినా ఊట నీళ్లే మసకబారొచ్చు. ఆనియన్, స్లాటర్, బేర్ వాగుల అడుగున గుహలు, గుంటలు ఉన్నాయి. వాననీళ్లు వాటిలోకి నేరుగా జారిపోతాయి. ఇసుకలో ఇంకినట్టు వడకట్టబడవు, సున్నపురాయి సొరంగాల్లో పారుతూ మైళ్ల దూరం రోజుల్లోనే దాటి వచ్చేస్తాయి. అందుకే ఆస్టిన్‌లో చినుకు పడకపోయినా, పడమటి ఊరు డ్రిప్పింగ్ స్ప్రింగ్స్ వైపు కుండపోతగా కురిస్తే ఆ మట్టి తర్వాత ఇక్కడ బయటపడుతుంది. నీళ్లలోకి చూపు ఆనకపోతే మునుగుతున్న మనిషి లైఫ్‌గార్డుకు కనబడడు. అందుకని తెరవరు.

బయల్దేరే ముందు రెండు చూడండి. ఒకటి, నగర పార్కుల విభాగం ప్రకటన. రెండు, యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) కొలతల పేజీలో బార్టన్ వాగు ప్రవాహం, ఊట నీటి మసక. గీత నిట్టనిలువుగా లేచి ఇంకా దిగకపోతే ఆ రోజుకి వేరే ఏర్పాటు చూసుకోవడం మేలు. పడమటి కొండల్లో రెండంగుళాలు దాటి కురిసిందంటే నేను మూడు రోజులు అటువైపు ఆలోచించను. మే, అక్టోబరు ఆస్టిన్‌లో ఎక్కువ వానలు పడే నెలలు. అమ్మానాన్నల్ని ఇండియా నుంచి తెచ్చుకుని సరిగ్గా ఆ నెలల్లో ప్రయాణం పెట్టుకునేవాళ్లు ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి.

కరువులో కథ వేరు. సగటున సెకనుకు 50 ఘనపుటడుగుల దాకా వచ్చే ఊట 1956లో పదికి దిగువకు పడిపోయింది. అంత కాకపోయినా, నాలుగైదు నెలలు వానల్లేకపోతే ప్రవాహం నీరసిస్తుంది. నాచు తొందరగా కమ్ముకుంటుంది, కడగడానికి నీటిమట్టం తగ్గించడమూ కుదరదు. చల్లదనం మాత్రం అప్పుడూ దగా చెయ్యదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఆస్టిన్ నగర వాసులకు టికెట్టు చవక, బయటివాళ్లకు బాగా ఎక్కువ. సీడార్ పార్క్, లియాండర్, రౌండ్ రాక్ వేరే నగరాలు కాబట్టి మనవాళ్లలో చాలామంది బయటివాళ్ల లెక్కలోకే వస్తారు. తెల్లవారుజామున 5 నుంచే దిగొచ్చు, ఆ వేళ లైఫ్‌గార్డులు ఉండరు, గట్టిగా ఈత వచ్చినవాళ్లకే అది. పులిహోర డబ్బాలు, కూలర్లు కారులోనే వదిలేయాలి, లోపలికి తినుబండారాలు రానివ్వరు. తిండి పని పార్కు బల్లల దగ్గర ముగించి అరగంట ఆగి వెళ్లండి. కొందరు ఆడవాళ్లు పైన బట్టల్లేకుండా ఎండ కాచుకుంటారు, ఈ ఊళ్లో అది తప్పు కాదు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఇబ్బంది పడరు. దిగువ ఆనకట్ట అవతల డబ్బు కట్టకుండా దిగే చోటు ఉంది, కుక్కలు కూడా దిగుతాయి. చిన్నపిల్లల్ని అక్కడ నేను దింపను. కుక్కల్ని తీసుకెళ్లేవాళ్లు నాచు హెచ్చరికలు చూడాలి. 2019లో ఈ వాగు కలిసే లేడీ బర్డ్ లేక్‌లో నాచు విషానికి కుక్కలు చనిపోయాయి.

మా పిల్లలకు ఈత వచ్చు, ఇల్లు ఇరవై నిమిషాల దూరం. కాబట్టి మూసి ఉంటే తిరిగొచ్చేస్తాం. నా అభిమానంలో ఆ వెసులుబాటు వాటా ఎంతో నాకు తెలుసు. ఐదేళ్ల లోపు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, చేతిలో ఒక్క రోజు ఉన్న కుటుంబానికైతే గట్టు మీద చెట్ల నీడలో కూర్చుని కాళ్లు తడుపుకోవడమే చాలు, టికెట్టు ధర దానికి ఎక్కువనిపించవచ్చు. రెండు రోజులుండి, ఈత వచ్చినవాళ్లు మార్చి చివరి నుంచి అక్టోబరు దాకా ఎప్పుడొచ్చినా ఇలా కలుపుకోండి: మధ్యాహ్నం నాలుగింటికి దిగి ఆరింటికి బయటికొచ్చి, చీకటి పడే వేళకు కాంగ్రెస్ అవెన్యూ వంతెన తూర్పు వైపు నడకదారి మీద, వంతెన కింది నుంచి గుంపులుగా ఎగిరే గబ్బిలాల కోసం నిలబడండి. తడి బట్టలు మార్చుకునే వెళ్లండి, అక్కడ గంటసేపు నిలబడాల్సి రావచ్చు.