లిఫ్టు కొనేముందు గ్యారేజీ నేలను చదవండి

మూడేళ్ళ క్రితం వేసవిలో మా టొయోటా హైలాండర్ కారు జాకీ మీద నుంచి జారింది. ముందు చక్రం విప్పి, లోపలికి చెయ్యి పెట్టి లింకు బోల్టు వదులు చేస్తున్నాను. లేపిన బండి కిందికి దిగకుండా ఆనుగా పెట్టే జాక్ స్టాండ్లు పక్కనే ఉన్నాయి, ఇంకా పెట్టలేదు. పానా మీద బలం పెట్టిన క్షణంలో బండి నాలుగు అంగుళాలు కిందికి వచ్చి ధబ్బుమని ఆగింది. విప్పిన చక్రాన్ని అలవాటుగా బండి అంచు కిందికి తోసి ఉంచాను కాబట్టి ఆగింది. లేకపోతే నా మోచేతి మీద ఆగేది. ఆ అలవాటు నాన్నగారిది. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా లారీల కింద పనిచేసిన మనిషి ఆయన. విప్పిన చక్రం గోడకు ఆనించి ఉండకూడదు, బండి కింద ఉండాలి అనేవారు.

ఆ రోజు సాయంత్రమే బండిని పైకి లేపి నిలిపే లిఫ్టు కొనాలని నిర్ణయించుకున్నాను. కొనడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆలస్యానికి కారణం డబ్బు కాదు, నేల. ఇళ్ళలో బండి పని చేసుకునే మన వాళ్ళు అమెరికాలో చాలామంది ఉన్నారు, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల. ఏ రకం ఎందుకు వద్దనుకున్నానో, చివరికి తెచ్చుకున్నది ఏడాదిగా ఎలా పనిచేస్తోందో వాళ్ళకోసం వివరంగా రాస్తున్నాను.

మాది డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో రెండు కార్ల గ్యారేజీ. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై ఒక్క అడుగుల లోతు, పైకప్పు పదకొండు అడుగులు. బండ్లు రెండు: 2014 హైలాండర్, 2011 కామ్రీ. మొదట నా మనసంతా రెండు స్తంభాల లిఫ్టు మీదే ఉంది. మెకానిక్ షెడ్లలో మనం చూసేది అదే. నాలుగు చేతులు బండి అడుగున పట్టుకుని లేపుతాయి, చక్రాలు నాలుగూ గాలిలో వేలాడతాయి, బ్రేకులైనా సస్పెన్షనైనా క్లచ్చైనా దేనికీ అడ్డు ఉండదు. ఒక దుకాణానికి వెళ్ళి అడిగాను. అక్కడి అమ్మకాల మనిషి కాంక్రీటు నాలుగు అంగుళాల మందం ఉంటే చాలు, వచ్చే వారమే బిగించేస్తాం అన్నాడు. అది ఎలాంటి కాంక్రీటో ఒక్క మాట కూడా అడగలేదు. అడ్వాన్సు ఇవ్వబోయి, ఒకసారి ఇంట్లో కొలిచి వస్తానని చెప్పి వచ్చేశాను.

కొలవడానికి గ్యారేజీ గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా తీస్తే, దాని కింద సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు కొట్టిన ముద్ర కనిపించింది. ఇది పోస్ట్ టెన్షన్ పలక, కోయవద్దు, తొలచవద్దు అని ఉంది. పదకొండేళ్ళు దాని మీద నడిచాను, ఒక్కసారి కూడా చదవలేదు.

దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. డాలస్ కింద ఉన్నది నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని నెర్రెలు విచ్చుతుంది. నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు పెరట్లో నెర్రెలు చూసి, ఇది మన నల్లరేగడే కదా అన్నారు. ఆయన అన్నది నిజమే. నేల శాస్త్రం రెండింటినీ వెర్టిసోల్స్ అనే ఒకే తరగతిలో చేరుస్తుంది. ఇలాంటి మట్టి మీద మామూలు కాంక్రీటు పలక వేస్తే పగులుతుంది. అందుకే ఇక్కడ చాలా ఇళ్ళకు పలక లోపల ఉక్కు తీగల తాళ్ళు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని లాగి బిగిస్తారు. ఒక్కో తాడు అర అంగుళం మందం, ఏడు తీగలు పేనినది. దాని మీద ఉండే లాగుడు దాదాపు పదిహేను టన్నులు. రెండు స్తంభాల లిఫ్టుకు ఒక్కో స్తంభం కింద లావుపాటి యాంకర్ బోల్టులు నేలలోకి దిగాలి. ఆ డ్రిల్లు ఒక తాడుకు తగిలితే, తెగిన తాడు కాంక్రీటును చీల్చుకుని బయటికి రావచ్చు. డ్రిల్లు పట్టుకున్న మనిషికి ప్రమాదం, ఇంటి పునాదికీ దెబ్బ. తాళ్ళు ఎక్కడున్నాయో పరికరంతో వెతికి, ఇంజనీరు చేత రాయించుకుని, వాటి మధ్యలో రంధ్రాలు వేయించుకున్న వాళ్ళు ఉన్నారు. నేను ఆ దారిలో వెళ్ళలేదు. ఆ లిఫ్టు నిలబడడమే ఆ బోల్టుల మీద. నా ఇంటి పునాదితో పందెం కాయడం నాకు ఇష్టం లేకపోయింది.

అంచేత నేలకు బిగించనవసరం లేని రకాలే నాకు మిగిలాయి.

ఇర్వింగ్‌లో ఉండే స్నేహితుడు తన దగ్గరున్న మోసుకెళ్ళే రకం లిఫ్టును నెల రోజులు వాడుకోమని ఇచ్చాడు. రెండు పొడవాటి ఇనుప చట్రాలు, ఒక్కొక్కటి ముప్పై అయిదు కిలోల దాకా ఉంటుంది. ముడిచినప్పుడు మూడు అంగుళాల ఎత్తు. బండి కింద రెండు పక్కలా తోసి, రబ్బరు దిమ్మెలు సరిగ్గా జాకీ పాయింట్ల కింద పెట్టి, చిన్న పంపు మీట నొక్కితే అర నిమిషంలో బండి సుమారు అర మీటరు పైకి లేస్తుంది. కామ్రీ నాలుగు చక్రాలకూ బ్రేకు ప్యాడ్లు ఒక్క మధ్యాహ్నంలో మార్చాను. బ్రేకులు, టైర్ల మార్పిడి, ఆయిలు, ఇంతవరకే మీ పనైతే, పైకప్పు ఎనిమిది తొమ్మిది అడుగులే ఉంటే, ఇంకేమీ ఆలోచించకుండా ఇదే కొనండి. పని అయ్యాక గోడకు తగిలించుకోవచ్చు. నాకు మాత్రం సరిపోలేదు. ఎంత లేపినా మళ్ళీ వెల్లకిలా పడుకోవలసిందే. నలభై ఎనిమిదేళ్ళ నడుముకు ఆ అర మీటరు చాలదు.

మధ్యలో కత్తెరలా తెరుచుకునే రకం కూడా చూశాను. నడుము ఎత్తుకు లేపుతుంది కానీ, ఆ కత్తెర యంత్రమంతా సరిగ్గా మనకు పని ఉండే నడిమి భాగంలోనే కూర్చుంటుంది. సైలెన్సరు గొట్టం విప్పాలంటే చేతులు దూరవు. దాని గురించి ఇంతకన్నా రాయవలసింది లేదు.

చివరికి తెచ్చుకున్నది నాలుగు స్తంభాల లిఫ్టు. తొమ్మిది వేల పౌండ్లు, అంటే దాదాపు 4,080 కిలోలు లేపగలదు. రెండు ఇనుప బాటల మీదికి బండిని నడిపించుకుంటూ ఎక్కించాలి. నాలుగు స్తంభాలూ తమ అడుగు పలకల మీద తామే నిలబడతాయి, ఇళ్ళకు చేసే వాటికి బోల్టులు అక్కర్లేదని కంపెనీ పుస్తకంలోనే ఉంది. హైలాండర్ బరువు సుమారు 1,900 కిలోలు, లిఫ్టు బరువు 900. మొత్తం నాలుగు స్తంభాలకు పంచితే ఒక్కోదాని కింద ఏడు వందల కిలోలు. ఇంజను ముందుంటుంది కాబట్టి ముందు స్తంభాల మీద ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. ఈ లెక్కను పునాదులు చూసే ఇంజనీరుకు చూపించి, ఫరవాలేదన్నాకే డబ్బు కట్టాను. రెండు స్తంభాల లిఫ్టు కొనబోయినప్పుడు కూడా మొదట వెళ్ళవలసింది ఆయన దగ్గరికే.

పైకప్పు లెక్క కూడా కాగితం మీద వేసుకోండి. నాది 132 అంగుళాలు. కామ్రీ ఎత్తు 58, బాట మందం 5, పైన వదలవలసిన ఖాళీ 3. మిగిలేది 66 అంగుళాలు, అంటే అయిదడుగుల ఆరు. నా ఎత్తు అయిదడుగుల అయిదు. కామ్రీ కింద నిటారుగా నిలబడి పనిచేస్తాను. హైలాండర్ ఎత్తు 68 కాబట్టి దాని కింద మిగిలేది 56 అంగుళాలే. దానికి చక్రాల స్టూలు కొనుక్కున్నాను. ఇక గ్యారేజీ తలుపు. అది తెరుచుకుని పైకప్పు కింద అడ్డంగా పడుకుంటుంది, దాన్ని లాగే మోటారు నట్టనడుమ వేలాడుతుంది. ఆ ఎత్తు తీసేస్తే పదకొండడుగులు తొమ్మిదయ్యాయి. తలుపు పట్టాలను పైకప్పుకు దగ్గరగా మార్పించి, మోటారును పక్క గోడకు బిగించే రకం పెట్టించాను. లిఫ్టుకు 3,600 డాలర్లు, తలుపు పనికి మరో 1,300 అయ్యాయి. ఈ రెండో ఖర్చు గురించి ముందుగా నాకెవరూ చెప్పలేదు.

కొనేటప్పుడు నేను పట్టుబట్టినది ఒకటే, ధ్రువపత్రం. అమెరికాలో లిఫ్టుల తయారీదారులకు ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1945 నుంచి ఉంది. బయటి ప్రయోగశాలలో పరీక్షించిన నమూనాలకే దాని బంగారు రంగు ముద్ర ఉంటుంది, వాటి జాబితా ఆ సంస్థ వెబ్‌సైటులో ఉంది. ప్రకటనల్లో ప్రమాణాలకు అనుగుణంగా తయారైంది అని రాసుకోవడం వేరు, ఆ జాబితాలో నమూనా సంఖ్యతో సహా ఉండడం వేరు. నేను చూసిన ఒక చౌక రకం లిఫ్టు ప్రకటనలో మొదటి మాట ఉంది, జాబితాలో మాత్రం దాని పేరు లేదు. ఏడు వందల డాలర్లు మిగిలేవి. వద్దన్నాను.

లిఫ్టు ఇంటికి రాలేదు, లారీ డిపో దాకే వచ్చింది. ట్రైలరు అద్దెకు తీసుకుని, నలుగురం కలిసి, ఇంజన్లు ఎత్తే క్రేనుతో ఒక్కొక్క భాగం దింపాం. బిగించడానికి రెండు వారాంతాలు పట్టింది.

ఇప్పుడు అసలు విషయం, తాళాలు. ఈ లిఫ్టును లేపేది ఒక్కటే హైడ్రాలిక్ సిలిండరు, ఎడమ బాట కింద దాగి ఉంటుంది. అది నాలుగు ఉక్కు కేబుళ్ళను కప్పీల మీదుగా లాగుతుంది. బండి పైకి వెళ్తున్నంతసేపూ ప్రతి స్తంభంలోనూ నిచ్చెన మెట్లలాంటి పట్టీ మీద కొక్కెం టక్ టక్ మని పడుతుంది. కావలసిన ఎత్తుకు రాగానే పని మొదలుపెట్టకూడదు. మీట నొక్కి కొంచెం కిందికి దించాలి. నాలుగు కొక్కేలూ మెట్ల మీద కూర్చుంటాయి, కేబుళ్ళు వదులవుతాయి. అప్పుడు బండిని మోసేది నూనె కాదు, కేబుల్ కాదు, ఉక్కు మీద ఉక్కు. దించేటప్పుడు మళ్ళీ రెండంగుళాలు లేపి, కొక్కేలు విడిపించి, అప్పుడు దించాలి.

గత సంక్రాంతికి నాన్నగారు వచ్చారు. ఆయన జీవితమంతా గుంటలో నిలబడి పనిచేశారు. నూనె మడ్డి, వానాకాలంలో మోకాళ్ళ దాకా నీళ్ళు. గ్యారేజీలోకి తీసుకెళ్ళి కామ్రీని పైకి లేపి, రండి నాన్నగారూ అని ముందు నేనే కిందికి అడుగు వేయబోయాను. ఆయన నా భుజం పట్టుకుని ఆపారు.

"తాళం పడిందా?"

పడింది అన్నాను. ఆయన నమ్మలేదు. టార్చి అడిగి తీసుకుని, ఒక్కో స్తంభం దగ్గరికి వెళ్ళి లోపలికి వెలుతురు వేసి, కొక్కెం మెట్టు మీద పూర్తిగా కూర్చుందో లేదో చూశారు. మూడు చూశాక నాలుగోదాని దగ్గర చాలాసేపు ఆగారు. "ఇది ఆలస్యంగా పడుతోందిరా. మళ్ళీ లేపు, విను" అన్నారు. లేపాను. నిజమే. మూడు టక్కులు కలిసి వినిపించాక ఒక రెప్పపాటు తర్వాత నాలుగోది వినిపించింది. నెలల తరబడి ఆ శబ్దం వింటూ నేను పట్టించుకోలేదు. కొత్త కేబుళ్ళు బరువుకు కొద్దిగా సాగుతాయి, ఆ మూల ఒక పావు అంగుళం కిందికి దిగింది. స్తంభం పైన కేబుల్ చివర మరకు రెండు నట్లు ఉంటాయి. పైదాన్ని వదులు చేసి, రెండోదాన్ని చుట్టున్నర బిగిస్తే నాలుగూ ఒక్కసారే పడ్డాయి. అప్పుడు ఆయన కిందికి వచ్చి, నిటారుగా నిలబడి, తల పైకెత్తి, సంపు బోల్టు చుట్టూ వేలు తిప్పి చూసుకున్నారు. ఎవరు కనిపెట్టారురా దీన్ని అని అడిగారు. మెంఫిస్‌లో పీటర్ లునాటీ అనే మెకానిక్ మంగలి కుర్చీ పైకి లేవడం చూసి 1925లో మొదటి హైడ్రాలిక్ లిఫ్టు చేశాడని చెప్పాను. మెకానిక్కే అయి ఉంటాడనుకున్నాను అన్నారు.

లోపాలూ ఉన్నాయి. చక్రాలు బాటల మీదే ఆని ఉంటాయి కాబట్టి బ్రేకు పనికి ఇది ఒక్కటే చాలదు. రెండు బాటల మధ్య దొర్లే జాకీ విడిగా కొనాలి, దానికి మరో ఎనిమిది వందలు పెట్టాను. కింద ఇంకో బండి నిలిపేటట్లయితే బాటల మధ్య రేకు పళ్ళేలు తప్పనిసరి, లేకపోతే పై బండి నూనె చుక్కలు కింది బండి అద్దం మీద పడతాయి. మా ఆవిడ కారు తలుపు స్తంభానికి తగిలి సగమే తెరుచుకునేది. ఖాళీ లిఫ్టును దాని చక్రాల మీద ఎనిమిది అంగుళాలు పక్కకు జరిపాం, ఇప్పుడు ఇబ్బంది లేదు. కొనేముందు నేల మీద సుద్దముక్కతో నాలుగు స్తంభాల చోటు గీసి, రెండు బండ్లూ నిలిపి, తలుపులన్నీ తెరిచి చూసుకుంటే ఆ శ్రమ తప్పేది.

ఈ ఏడాదిలో ఆయిలు మార్పులు ఆరు, కామ్రీకి సైలెన్సరు గొట్టం ఒకటి, హైలాండర్‌కు ముందు లింకులు రెండూ, అంటే ఆ రోజు వదిలేసిన బోల్టుతో సహా, అన్నీ దీని మీదే చేశాను. నాన్నగారు విజయవాడ తిరిగి వెళ్ళాక కూడా ఆదివారం ఫోనులో అడుగుతుంటారు. మొన్న లిఫ్టు లేపుతూ ఫోను స్తంభం దగ్గర పెట్టి వినిపించాను. కుడివైపు వెనకది మళ్ళీ కొంచెం వెనకబడుతోంది అన్నారు. ఈ శనివారం ఆ నట్టు చూడాలి.