నిన్న రాత్రి పుచ్చుకున్న ఇంకును ఈ ఉదయం వద్దన్న ప్రింటర్

ఈ ప్రింటర్ కొన్న కొత్తలో దాని గురించి కనిపించిన వాళ్లందరికీ గొప్పగా చెప్పాను. నా మాట విని ఇద్దరు స్నేహితులు ఇదే మోడల్ కొన్నారు కూడా. వాళ్లకు నేను బాకీపడిన వివరణ ఇది. నిమిషానికి ఎన్ని పేజీలు వస్తాయి, ట్రేలో ఎన్ని కాగితాలు పడతాయి లాంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి వెళ్లను. నాలుగేళ్లు వాడాక నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే. ఈ యంత్రం తనంతట తాను అప్‌డేట్ చేసుకుంటుంది. ఆ ఒక్క గుణం వల్ల, నేను కొన్న వస్తువు ఒక రాత్రిలో ఇంకో వస్తువుగా మారిపోయింది.

నాది ప్రూఫులు దిద్దే పని. తెర మీద పదిసార్లు చూసినా దొరకని తప్పు కాగితం మీద ఒక్క చూపుకే దొరుకుతుంది కాబట్టి ఏ పుస్తకమైనా చివరి విడత అచ్చు తీసుకునే చదువుతాను. దానికి తోడు మా నాన్నకు చూపు మందగించింది. ఆయన చదువుకోవడానికి కథలూ వ్యాసాలూ పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి ఇస్తుంటాను. రెండూ కలిపి రోజుకు ముప్పై, నలభై పేజీలకు తగ్గవు. ఈ లెక్కన తయారీ సంస్థ సొంత ఇంకే వాడితే, ఏడాది తిరగక ముందే ప్రింటర్ ఖరీదును మించిన సొమ్ము ఇంకుకే పోతుంది. అందుకే పెట్టెతో వచ్చిన కార్ట్రిడ్జ్‌లు అయిపోగానే వేరే తయారీదారు చేసినవాటికి మారాను. పద్నాలుగు నెలలు అవే వాడాను. ఇంకు చెదరలేదు, కారలేదు, ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు, అంటే నాజిళ్లు, పూడుకుపోలేదు.

అచ్చు నాణ్యత గురించి అప్పట్లో నేను చెప్పిన మాటను ఇప్పుడూ వెనక్కి తీసుకోను. ఎనిమిది పాయింట్ల సైజులో కూడా ఒత్తులు విడివిడిగా కనిపిస్తాయి. ‘క్ష్మి’, ‘స్త్రీ’ లాంటి చోట్ల ఇంకు ముద్ద కట్టదు. తెలుగు ప్రూఫులు చూసేవాళ్లకు అది ఎంత పెద్ద సుఖమో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఈ నాణ్యత రోజూ వాడితేనే. నాలుగు రోజులు ఊరికే ఉంచితే అక్షరాల మధ్యగా తెల్లని గీతలు పడతాయి. శుభ్రం చేయమని నొక్కితే బాగవుతుంది గాని, ఆ శుభ్రతకు అది తాగే ఇంకు తక్కువేమీ కాదు. చప్పుడు లేకుండా పనిచేస్తుందని కూడా మెచ్చుకున్నాను. అది నిజమే. నిశ్శబ్దంగా అచ్చు వేసినంత నిశ్శబ్దంగానే ఇంకా చాలా పనులు చేస్తుందని అప్పటికి తెలియదు.

ఇక ఆ రాత్రి సంగతి. నూట ఎనభై పేజీల పుస్తకం, మర్నాడు సాయంత్రానికల్లా దిద్ది పంపాలి. రాత్రి పదకొండింటి దాకా అరవై రెండు పేజీలు తీశాను. మిగతావి పొద్దున్నే తీసుకోవచ్చని లేచి వెళ్లాను. ఆరింటికి వచ్చి చూస్తే ప్రింటర్ తెర మీద నారింజ రంగు హెచ్చరిక ఉంది. కార్ట్రిడ్జ్‌లో ఉన్నది సంస్థ చిప్ కాదు, అసలైన కార్ట్రిడ్జ్ పెడితే తప్ప పని కొనసాగదు అని దాని సారాంశం. తీసి మళ్లీ పెట్టాను. చిప్‌ను మెత్తని గుడ్డతో తుడిచాను. కరెంటు తీసేసి పది నిమిషాలు ఆగాను. ఏమీ మారలేదు. ట్రేలో అరవై రెండో పేజీ అలాగే ఉంది, నల్లగా, నిండుగా. అదే కార్ట్రిడ్జ్, అదే ఇంకు, మధ్యలో ఏడు గంటలు. ఆ ఏడు గంటల్లో దాన్ని ముట్టుకున్నవాళ్లెవరూ ఇంట్లో లేరు. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్‌ను లోపలి నుంచి నడిపించే ప్రోగ్రాము, దాని సంఖ్య మారి ఉంది, తెల్లవారుజామున అప్‌డేట్ అయినట్టు సమయం కూడా నమోదై ఉంది.

నాన్న వచ్చి చూసి, “నిన్న రాత్రి పని చేసింది కదమ్మా, పడుకుని లేచేసరికి దానికేమొచ్చింది?” అన్నారు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నా దగ్గర సరైన మాట లేకపోయింది. పాడైందని చెబితే అబద్ధం. అది పాడవలేదు. పని చేయగలిగి ఉండీ చేయనంటోంది.

అంతకన్నా నన్ను మండించినది స్కానర్. ఎలాగూ అచ్చు కాదు, కనీసం ఒక సంతకం కాగితాన్ని స్కాన్ చేసి పంపుదామని గాజు మీద పెట్టాను. ముందు కార్ట్రిడ్జ్ సమస్య పరిష్కరించమంది. స్కాన్ చేయడానికి ఇంకు చుక్క కూడా అక్కర్లేదు. లోపల ఒక దీపం, ఒక కెమెరా పట్టీ కదలాలి, అంతే. ఇంకు సాకుతో దాన్ని కూడా కట్టేయడం నన్ను లొంగదీసుకోవడానికే తప్ప మరెందుకూ కాదు. ఆ పుస్తకం మిగతా నూట పద్దెనిమిది పేజీలూ తెర మీద చదివి దిద్దాను. రెండు తప్పులు నా కళ్లు కప్పి అచ్చులోకి వెళ్లాయి. అందులో ఒకటి అధ్యాయం పేరులో.

సహాయ కేంద్రానికి రాశాను. జవాబిచ్చిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. “మేడమ్, ఇది మీ భద్రత కోసం ఇచ్చిన అప్‌డేట్” అంది. పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్లే దారి అడిగాను. అలాంటిది లేదంది. నిన్న పెట్టిన కార్ట్రిడ్జ్ వల్ల నిన్నటిదాకా నాకేం ప్రమాదం జరిగిందని అడిగాను. అదే వాక్యం మళ్లీ వచ్చింది. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే, ఇంకొకటి కొనుక్కుంటే సరిపోతుందని చదివేవాళ్లు అనుకుంటారు. ఈ జబ్బు ఒక్క సంస్థకు పరిమితమైనది కాదు.

భద్రత అన్న మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయలేదు. ఆ చిప్ ఏమిటో తెలుసుకున్నాను. కార్ట్రిడ్జ్ వెనక చిటికెనవేలి గోరంత ఆకుపచ్చ ముక్క ఉంటుంది, దాని మీద బంగారు రంగు గళ్లు. ప్రింటర్ లోపలి సన్నని లోహపు ముళ్లు ఆ గళ్లను తాకినప్పుడు, తానెవరో, తనలో ఎంత ఇంకు మిగిలిందో చిప్ చెబుతుంది. మిగిలిన ఇంకు లెక్క కూడా చాలా మోడళ్లలో అంచనాయే. ఎన్ని చుక్కలు చిమ్మిందో లెక్కపెట్టి తీసివేత చేస్తారు. 2024 జనవరిలో హెచ్‌పీ అధిపతి ఎన్రిక్ లోరెస్ ఒక టీవీ ముఖాముఖిలో, కార్ట్రిడ్జ్ ద్వారా వైరస్ ప్రింటర్‌లోకి, అక్కడి నుంచి నెట్‌వర్క్‌లోకి వెళ్లే అవకాశం ఉందని వాదించారు. ఉందనే అనుకుందాం. చిప్ చెప్పేది చదివే ప్రోగ్రాములో లొసుగు ఉంటే ఆ లొసుగును పూడ్చాలి. వాకిలి గొళ్లెం సరిగ్గా లేకపోతే గొళ్లెం బాగుచేయించుకుంటాం, ఇంటివాళ్లు ఎవరి దగ్గర సరుకులు కొనాలో గొళ్లెం చేసినవాడు నిర్ణయించడు. అదే ముఖాముఖిలో ఆయన, వినియోగదారు తగినన్ని పేజీలు అచ్చు తీయకపోయినా, తమ ఇంకు వాడకపోయినా ఆ వినియోగదారు తమకు చెడ్డ పెట్టుబడి అవుతారనే అర్థంలో కూడా మాట్లాడారు. నాకు వైరస్ వాదన కన్నా ఈ మాటలోనే నిజం ఎక్కువ కనిపించింది.

చిప్ లేకపోతే అచ్చు పడదా అంటే, దానికి జవాబు 2022లో ఒక తయారీ సంస్థ నోటనే వచ్చింది. ప్రపంచమంతా చిప్‌ల కొరత ఉన్న సమయంలో క్యానన్ తన టోనర్ (లేజర్ ప్రింటర్లలో ఇంకు బదులు వాడే పొడి) కార్ట్రిడ్జ్‌లలో పెట్టడానికి చిప్‌లు దొరకక, అవి లేకుండానే అమ్మాల్సి వచ్చింది. అప్పుడు జర్మనీలోని కొనుగోలుదారులకు ఆ సంస్థే చెప్పింది, హెచ్చరిక వస్తే పట్టించుకోకుండా ముందుకు నొక్కండి అని. టోనర్ ఎంత మిగిలిందో సరిగ్గా చూపించకపోవచ్చు, అచ్చుకు మాత్రం ఢోకా లేదు. తమకు అవసరమైనప్పుడు అక్కర్లేని చిప్, మనకు అవసరమైనప్పుడు తప్పనిసరి ఎలా అవుతుంది?

ఇలా రాత్రికి రాత్రి కార్ట్రిడ్జ్‌లను కాదనడం కూడా కొత్త సంగతి కాదు. 2016 సెప్టెంబరు 13న హెచ్‌పీ ప్రింటర్లు చాలామంది ఇళ్లలో ఒకే రోజు వేరే సంస్థల కార్ట్రిడ్జ్‌లను నిరాకరించాయి. అంతకు చాలా ముందే వచ్చి కూర్చున్న అప్‌డేట్‌లో ఆ తేదీ పొంచి ఉంది. డిజిటల్ హక్కుల కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ బహిరంగ లేఖ రాసింది, గొడవ పెద్దదైంది, సంస్థ క్షమాపణ చెప్పి ఆ అడ్డు లేని ఫర్మ్‌వేర్‌ను కోరినవాళ్లకు ఇచ్చింది. గట్టిగా అరిస్తే వెనక్కి వెళ్లే దారి పుడుతుందన్నమాట. అలాంటి దారి లేదనడానికి కారణం సాంకేతికమైనది కాదని నాకు అక్కడే తెలిసిపోయింది.

కోర్టుల సంగతి చూస్తే ఇంకా బాధ కలుగుతుంది. అమెరికాలో 1998 నాటి కాపీరైటు చట్టం డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని నేరంగా మార్చింది. దాన్ని పట్టుకుని 2002లో లెక్స్‌మార్క్, తన ప్రింటర్లకు సరిపోయే చిప్‌లు తయారుచేసే స్టాటిక్ కంట్రోల్ మీద దావా వేసింది. 2004లో అప్పీలు కోర్టు చిప్‌లు చేసే సంస్థ వైపే మొగ్గింది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు అదే లెక్స్‌మార్క్ మరో కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది, ఒకసారి వస్తువును అమ్మాక దాని మీద పేటెంటు హక్కు ముగిసిపోతుందని. చట్టం ఇవ్వనన్న అధికారాన్ని ఇప్పుడు ఫర్మ్‌వేర్‌తో తెచ్చుకుంటున్నారు. దావాకు ఏళ్లు పడుతుంది, రెండో పక్షం వాదన వినాల్సి వస్తుంది. అప్‌డేట్‌కు తెల్లవారుజామున కొన్ని నిమిషాలు చాలు, రెండో పక్షం నిద్రలో ఉంటుంది.

ప్రోగ్రామును వాడేవాళ్లే దాన్ని చూసి మార్చుకోగలగాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం కథ మొదలైందీ ఒక ప్రింటర్ దగ్గరే. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ లేజర్ ప్రింటర్ వచ్చింది. అది తరచూ జామ్ అయ్యేది. అంతకు ముందున్న ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, అచ్చు కోసం ఎదురుచూసేవాళ్లకు కబురు అందేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రాము మార్చి పెట్టారు. కొత్తదానికీ అదే చేద్దామంటే సోర్స్ కోడ్, అంటే మనిషి చదివి మార్చగలిగే ప్రోగ్రాము పాఠం, లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర ఉందని తెలిసి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం చేశానని ఆయన నిరాకరించారు. 1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్, అందరూ స్వేచ్ఛగా వాడుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఇన్నేళ్లుగా ఆ కథ విన్నప్పుడల్లా, ఇంత చిన్న విషయానికి అంత పట్టుదలా అనుకునేదాన్ని. ఆ ఉదయం ప్రింటర్ ముందు నిలబడ్డాక అలా అనుకోవడం మానేశాను. ఆయనది కాగితం ఇరుక్కుంటే కబురు చేయని యంత్రం, నాది ఏమీ ఇరుక్కోకపోయినా ఆగిపోయే యంత్రం.

ఇప్పుడెలా వాడుతున్నానో చెబుతాను. చివరికి సంస్థ కార్ట్రిడ్జ్ ఒకటి కొన్నాను, వేరే గతి లేదు. ఆ రోజే వైఫై తీసేసి యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపాను. అప్‌డేట్‌లు ఆపే సెట్టింగ్ మూడు మెనూల లోపల ఉంది, దాన్నీ ఆపాను. కంప్యూటర్‌లోంచి సంస్థ ఇచ్చిన ప్రోగ్రాము తీసేశాను, అదీ అప్‌డేట్ తెచ్చిపెట్టే దారే కాబట్టి. నా కంప్యూటర్‌లోని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మామూలుగా ఉండే కప్స్ అన్న ముద్రణ వ్యవస్థతోనే అచ్చు పడుతోంది, సేన్ అన్న స్కానింగ్ ప్రోగ్రాముతో స్కానర్ నడుస్తోంది. ఐదు నెలలకు కొత్త ఫర్మ్‌వేర్‌ను గుర్తుపట్టి దానికి తగ్గ చిప్‌తో వేరే తయారీదారు కార్ట్రిడ్జ్‌లు వచ్చాయి. అవి పెట్టాను, పని చేస్తున్నాయి. ఫోను నుంచి నేరుగా అచ్చు తీసే సౌకర్యం మాత్రం పోయింది. నాన్న తన ఫోనులో నచ్చిన వ్యాసాన్ని ఆయనే అచ్చుకు పంపుకునేవారు, ఇప్పుడు నన్ను అడగాలి. అడగడం ఆయనకు ఇష్టం ఉండదు. అందువల్ల చదవడం కొంత తగ్గించారు. ఈ నష్టాన్ని ఏ సంస్థ లెక్కల్లోనూ రాయరు.

కొనమంటానా అంటే, మీరు నెలకు పది పేజీలు తీసేవాళ్లయి, సంస్థ ఇంకే వాడతామంటే నాకు ఎదురైనది మీకు ఎదురుకాదు, అచ్చు నాణ్యతకు సంతోషపడతారు కూడా. అయితే అప్పుడు నాజిళ్లు ఎండిపోయే ఇబ్బంది మీదవుతుంది. నాలాగా రోజూ నల్ల అక్షరాలు అచ్చు తీసేవాళ్లు ఇంకు నేరుగా పోసుకునే ట్యాంకు రకమో, నలుపు మాత్రమే వేసే లేజరో చూసుకోవడం మేలు. ఏది కొన్నా, వేరే కార్ట్రిడ్జ్‌లను ఆపే ఏర్పాటు ఉందేమో కొనేముందే చూసుకోండి. కొన్ని పెట్టెల మీద ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను దీన్ని వదిలించుకోకపోవడానికి కారణం మా నాన్నకు బొమ్మలున్న పేజీలు రంగుల్లో కావాలి, ఇంకొకటి కొనే వెసులుబాటు ఈ ఏడాది నాకు లేదు. నిరాకరించిన ఆ నల్ల కార్ట్రిడ్జ్‌ను పారేయలేదు. సొరుగులో ఉంది. లోపల ఇంకా సగానికి పైగా ఇంకు ఉంది.